ఆటిజం పరిశోధనకు విల్లులో కొంత రాయాలనుకుంటున్న తండ్రికి నా సమాధానం

నమస్కారం అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. మీకు 67 ఏళ్ళు, రైల్వేలో రిటైరయ్యారు. పెద్దమ్మాయి డల్లాస్‌లో ఉంది. అబ్బాయికి 31, ఆటిజం. మాటలు తక్కువ, కానీ తన పనులు చాలావరకు తనే చేసుకుంటాడు. మల్కాజిగిరిలో సొంత ఫ్లాటు, బ్యాంకులో డిపాజిట్లు, నల్లగొండ దగ్గర తాతల నాటి భూమిలో వాటా ఉన్నాయి. "మావాడికి చిన్నప్పుడు అసలు ఏమిటో చెప్పే డాక్టరే దొరకలేదు. నా తర్వాత కొంత డబ్బు ఆటిజం పరిశోధనకు వెళ్ళేలా విల్లు రాయొచ్చా? ఎవరి పేరున రాయాలి? పిల్లలకు అన్యాయం చేసినట్టు అవుతుందా? పన్నేమైనా తగ్గుతుందా?" ఇదీ మీరు అడిగింది.

నేను సికింద్రాబాద్‌లో 26 ఏళ్ళుగా సివిల్ కేసులు చూస్తున్న అడ్వకేట్‌ని. విల్లులు రాసిపెట్టడం, విల్లుల మీద వచ్చే దావాలు వాదించడం రెండూ చేస్తాను. మా అక్క కొడుక్కి ఆటిజం, వాడికిప్పుడు 24. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

సూటిగా చెప్పాలంటే: రాయొచ్చు. మీ స్వార్జితాన్ని ఎంతైనా, ఎవరికైనా రాసే హక్కు మీకుంది. అది పరిశోధన సంస్థ అయినా సరే. కాకపోతే వరస ముఖ్యం. ముందు అబ్బాయికి జీవితాంతం సరిపోయే ఏర్పాటు జరగాలి. ఆ తర్వాత మిగిలేదాంట్లో ఇంత వంతు అని, పేరున్న ఒక సంస్థకు, వాళ్ళను ముందే అడిగి రాయాలి. మీరు లేనప్పుడు ఆ మాట నెరవేర్చే మనిషిని, అంటే ఎగ్జిక్యూటర్‌ని, విల్లులోనే పెట్టాలి. విల్లు ద్వారా ఇస్తే మన దేశంలో పన్ను తగ్గేదేమీ లేదు. దాని సంగతి కింద చెప్తాను.

ముందు అబ్బాయి సంగతి

మీరు రాసిన దాంట్లో నన్ను కాస్త కంగారుపెట్టింది ఒకటే. పరిశోధనకు ఎంత ఇవ్వాలో లెక్క వేశారు కానీ, అబ్బాయికి నెలకు ఎంత కావాలో లెక్క వేసినట్టు లేదు. ఆ లెక్క ముందు వేయండి. మీకూ మీ శ్రీమతికీ తర్వాత అతను ఎక్కడుంటాడు, ఎవరు చూసుకుంటారు, తిండి, మందులు, తోడుండే మనిషి జీతం, ఇవన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో ఒక కాగితం మీద పెట్టండి. ధరలు పెరుగుతాయి కదా, దానికీ కొంత కలపండి.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయాలు రెండున్నాయి.

మొదటిది గార్డియన్‌షిప్. మీ అబ్బాయి మేజర్. మేజరైన బిడ్డకు "నా తర్వాత ఫలానావారు గార్డియన్" అని విల్లులో రాసినంత మాత్రాన చట్టప్రకారం చెల్లదు. దానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం చేసిన చట్టం అది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ స్థాయి అధికారి ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. మీరిద్దరూ ఉండగానే దరఖాస్తు పెట్టుకోండి. మీ తర్వాత ఎవరు చూసుకోవాలని మీ కోరికో అది విల్లులో రాయండి, కమిటీకి అది ఆధారంగా పనికొస్తుంది.

రెండోది పెన్షన్. మీది రైల్వే పెన్షన్ కాబట్టి, మీ ఇద్దరి తర్వాత కుటుంబ పెన్షన్ అబ్బాయికి జీవితాంతం వచ్చే వీలుంది. అయితే అతనికి వేరే ఆదాయం ఆ కుటుంబ పెన్షన్ కంటే తక్కువ ఉండాలనే షరతు ఉంది. ప్రేమకొద్దీ డిపాజిట్లన్నీ అతని పేరునే రాసేస్తే, ఆ వడ్డీ వల్ల పెన్షన్‌కే ఎసరు రావచ్చు. మీ పెన్షన్ ఆఫీసులో అతని పేరు, వైకల్యం సర్టిఫికెట్ ముందే నమోదు చేయించి, ఆ లెక్క చూసుకున్నాకే డిపాజిట్లు ఎలా రాయాలో తేల్చండి. అబ్బాయి కోసం చిన్న ప్రైవేట్ ట్రస్టు పెట్టి, అమ్మాయినీ నమ్మకమైన మరొకరినీ ట్రస్టీలుగా పెట్టడం నేను ఎక్కువగా సూచించే పద్ధతి. దీనికి మాత్రం పెన్షన్ రూల్స్ తెలిసిన మనిషీ, ఒక ఆడిటరూ ఇద్దరూ ఉండాలి.

ఈ ఏర్పాటు అయ్యాక మిగిలేదే మీరు పరిశోధనకు ఇవ్వగలిగింది. అది పది శాతమే అయినా చిన్నదేం కాదు.

మీది అని దేన్ని అనొచ్చు

ఫ్లాటు మీ జీతంతో కొన్నది, కాబట్టి స్వార్జితం. మీ శ్రీమతి పేరు కూడా దస్తావేజులో ఉంటే మీ సగం వరకే మీరు రాయగలరు. ఆమె సగానికి ఆమె విల్లు వేరుగా రాయాలి. తాతల నాటి భూమిలో హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ప్రకారం మీ వాటా వరకు విల్లు రాయొచ్చు. కానీ 2005 సవరణ తర్వాత అమ్మాయికి కూడా అందులో పుట్టుకతో వాటా ఉంది. భాగాలు పంచుకోని భూమిని సంస్థకు రాయొద్దని నా గట్టి సలహా. మీరు పోయాక ఆ సంస్థ వాళ్ళు మీ అన్నదమ్ముల పిల్లలతో పార్టిషన్ దావా వేసుకుంటారా చెప్పండి? వేయరు, వదిలేస్తారు.

మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. ముస్లింలైతే అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే వారసుల సమ్మతి లేకుండా రాయగలరు. పరిశోధనకైనా ఆ హద్దు వర్తిస్తుంది. క్రైస్తవులకు ఒకప్పుడు పెద్ద అడ్డంకి ఉండేది. దగ్గరి బంధువులుంటే, చనిపోవడానికి కనీసం 12 నెలల ముందు రాసి, రాసిన ఆరు నెలల్లోపు ఆ విల్లు కాగితాన్ని చట్టం చెప్పిన చోట భద్రపరిస్తే తప్ప దానధర్మాలకు రాసిన విల్లు చెల్లేది కాదు. భారత వారసత్వ చట్టంలోని ఆ 118వ సెక్షన్‌ను జాన్ వల్లమట్టం కేసులో 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పటికీ కొందరు పాత మాట పట్టుకుని "మనకు కుదరదట" అంటూ ఉంటారు. కుదురుతుంది.

"ఆటిజం పరిశోధనకు" అని మాత్రమే రాయకండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇలాంటి విల్లుల్లో నేను చూసిన నష్టాలన్నీ ఇక్కడే జరిగాయి.

మనవాళ్ళు విల్లులో "మిగిలినది ధర్మకార్యాలకు" అని రాసేస్తారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఒట్టి "ధర్మం" అని రాసినది మరీ అస్పష్టం, చెల్లదు అని బ్రిటిష్ కాలంలో మన కేసులకు అన్నిటికంటే పై కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1899లోనే రణ్‌ఛోడ్‌దాస్ కేసులో తేల్చేసింది. భారత వారసత్వ చట్టం 89వ సెక్షన్ కూడా, రాసిన దాంట్లో ఉద్దేశం తేటగా తెలియకపోతే అది చెల్లదంటుంది. "ఆటిజం పరిశోధన" అన్నది ధర్మం అన్నంత అస్పష్టం కాదు, కోర్టులు అలాంటి దానాన్ని కాపాడాలనే చూస్తాయి. కానీ కోర్టు కాపాడేదాకా ఎవరో ఒకరు కోర్టు మెట్లు ఎక్కుతూ ఉండాలి కదా.

ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి విల్లు ఆయన పోయాక నా దగ్గరికొచ్చింది. రాసింది నేను కాదు. అందులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ నంబరు వేసి "ఇందలి సొమ్ము ఆటిజం పరిశోధనకు ఇవ్వవలెను" అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఎవరికి ఇవ్వాలో లేదు, ఎవరు ఇవ్వాలో లేదు. అంతకంటే బాధాకరం ఏమిటంటే, ఆ డిపాజిట్‌ను ఆయన పోవడానికి రెండేళ్ళ ముందే తీసేసి కూతురి ఇంటికి ఇచ్చారు. రాసిన వస్తువే లేకపోతే దాని మీద రాసిన దానమూ పోతుంది. పిల్లలు మంచివాళ్ళు, నాన్న కోరిక తీర్చాలని తమ డబ్బు వేసుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. కానీ ఎవరికివ్వాలో అన్నదమ్ముల మధ్య కుదరలేదు. ఒకరు బెంగళూరు అన్నారు, ఒకరు ఊళ్ళో ఉన్న స్పెషల్ స్కూలు అన్నారు. మూడేళ్ళు గడిచాక ఆ మాట ఎత్తడమే మానేశారు. ఆయన ఆ వాక్యం ఎంతో ఆలోచించి రాసి ఉంటారు. దాని కింద ఇంకో నాలుగు వాక్యాలుంటే ఆ డబ్బు ఈపాటికి పనిలో ఉండేది.

ప్రపంచంలో అందరికీ తెలిసిన విల్లు ఆల్ఫ్రెడ్ నోబెల్‌ది. 1895 నవంబరు 27న పారిస్‌లో సంతకం పెట్టారు. బహుమతులు ఇవ్వాల్సిన సంస్థల పేర్లు రాశారు కానీ వాళ్ళను ముందు అడగలేదు. మరుసటి ఏడు డిసెంబరులో ఆయన పోయాక బంధువులు ఎదురు తిరిగారు, సంస్థలు తటపటాయించాయి. మొదటి బహుమతులు ఇచ్చేసరికి 1901 వచ్చింది. అప్పటికైనా ఇవ్వగలిగారంటే ఆయన పెట్టిన ఎగ్జిక్యూటర్లు పట్టు వదలకపోవడం వల్లే. అంతటి ఆస్తిపరుడికే అలా అయింది.

మరి ఎవరికి రాయాలి?

ముందు పరిశోధన అంటే మీ మనసులో ఏముందో తేల్చుకోండి. ఆటిజంలో జన్యువుల మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు, మెదడు మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు. పిల్లల్ని త్వరగా గుర్తించే పద్ధతుల మీద, తల్లిదండ్రులకు నేర్పే పద్ధతుల మీద, మీ అబ్బాయిలా పెద్దవాళ్ళయిన ఆటిజం వ్యక్తుల ఉద్యోగం, ఆరోగ్యం, నివాసం మీద పనిచేసేవాళ్ళు వేరే ఉన్నారు. మీ మాటల్లో "అసలు ఏమిటో చెప్పే డాక్టరే దొరకలేదు" అన్నది నాకు గట్టిగా తగిలింది. ఆ బాధే మీ కారణమైతే త్వరగా గుర్తించే పరిశోధన మీకు దగ్గరది.

మన దగ్గర ఏం జరిగిందో కొంచెం చెప్తాను. ఆటిజం ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి సర్టిఫికెట్ల కోసం వాడే 40 ప్రశ్నల భారతీయ కొలమానం, ఐసా అంటారు, అది తయారైంది మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే. మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే, ఇప్పుడు నైపిడ్ అని పిలుస్తున్న ఆ జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. పిల్లల ఎదుగుదల లోపాల మీద ఐదు ప్రాంతాల్లో దాదాపు 4 వేల మంది పిల్లల్ని చూసిన, ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వే 2018లో వచ్చింది, ఆ ఐదింట్లో హైదరాబాద్ ఒకటి. గోవాలోని సంగాత్ సంస్థ, పాకిస్తాన్‌లోని రావల్పిండి వాళ్ళతో కలిసి, స్పెషలిస్టులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ళ ద్వారా తల్లిదండ్రులకు నేర్పించింది. 65 మంది పిల్లలతో చేసిన ఆ ప్రయత్నం ఫలితాలు 2016లో వచ్చాయి. బిడ్డ ఇచ్చే సంకేతాలను అమ్మానాన్నలు అందుకునే తీరు మెరుగుపడింది. ఖరీదైన మిషన్లు లేకుండా, ఇళ్ళకు వెళ్ళి చేసిన పని అది. మధ్యతరగతి వాళ్ళు ఇచ్చే మొత్తంతో కూడా ఇలాంటి పనికి నిజంగా ఊతం దొరుకుతుందని చెప్పడానికే ఇంత రాశాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థ 1991 నుంచి తల్లిదండ్రుల వైపు నుంచి పనిచేస్తోంది. వీళ్ళలో ఫలానావాళ్ళకే రాయమని నేను చెప్పను. వాళ్ళతో మాట్లాడి మీరే తేల్చుకోవాలి.

పైన చెప్పిన 1999 చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్‌కు కూడా విల్లు ద్వారా రాయొచ్చు. దాని చట్టంలోనే ఆ వీలు ఉంది, అయితే చరాస్తి మాత్రమే, అంటే డబ్బు, డిపాజిట్లు, షేర్ల లాంటివి. అందులో మీ అబ్బాయి పేరు లబ్ధిదారుగా రాస్తే అతనికి తగిన జీవనం ఏర్పాటు చేసే బాధ్యత ఆ ట్రస్ట్‌ను నడిపే బోర్డు మీద ఉంటుంది, కానీ మొత్తమంతా అతనొక్కడికే ఖర్చు పెట్టాలన్న నిర్బంధం లేదు. ఈ రెండో ముక్క చదవకుండా రాయకండి.

ఒక హెచ్చరిక. బోర్డు మీద "రీసెర్చ్ సెంటర్" అని ఉన్న ప్రతి చోటా పరిశోధన జరగదు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో ఆటిజం తగ్గిస్తామని లక్షలు వసూలు చేసే క్లినిక్‌లు ఉన్నాయి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అలాంటి చోటుకు మీ కష్టార్జితం పోవడం కంటే ఇంట్లోనే ఉండటం మేలు. అడగాల్సినవి నేరుగా అడగండి: మీకు ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన నీతిగా జరుగుతోందా అని చూసే కమిటీ, ఉందా? గత ఐదేళ్ళలో ఏం ప్రచురించారు? ట్రయల్స్, అంటే మనుషుల మీద చికిత్సలు పరీక్షించే ప్రయోగాలు, ఏమైనా చేస్తే అవి నమోదు చేయాల్సిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉన్నాయా? ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా? ఆటిజం ఉన్నవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు మీ కమిటీల్లో ఉన్నారా? నిజంగా పనిచేసేవాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

అలాగే "ఆటిజానికి మందు కనిపెట్టడానికి" అని ప్రయోజనాన్ని ఇరుకు చేయకండి. ఇప్పుడున్న రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మందులు చిరాకు, కోపం తగ్గించడానికే. ఆటిజం మూల లక్షణాలకు మందు లేదు, ఆటిజం ఉన్న చాలామంది అలాంటి మందు కావాలని కోరుకోవడమూ లేదు. మీరు పోయేనాటికి సైన్స్ ఎటు వెళ్తుందో మనకు తెలియదు. "ఆటిజం ఉన్న వ్యక్తుల ఆరోగ్యం, జీవన నాణ్యత మెరుగుపడేందుకు చేసే పరిశోధన" అంటే తలుపు తెరిచి ఉంటుంది.

విల్లులో ఎలా రాయాలి

నేను వాడే వాక్యాలు ఇవి. మీ వకీలు మీ పరిస్థితికి తగ్గట్టు మారుస్తారు.

"నా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు, పైన నా భార్యకు, కుమారునికి, కుమార్తెకు రాసిన ఆస్తులు పోగా మిగిలిన నా ఆస్తిలో నూటికి పది వంతులు ఫలానా సంస్థకు (పూర్తి పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్) చెందవలెను. ఆ సొమ్మును ఆటిజం ఉన్న వ్యక్తుల ఆరోగ్యం, జీవన నాణ్యత మెరుగుపరచే పరిశోధనకు వాడవలెను. నా మరణానంతరం ఆ సంస్థ లేకపోయినా, పేరు మారినా, వేరొక సంస్థలో కలిసినా, ఈ పని మానివేసినా, సొమ్ము స్వీకరించుటకు నిరాకరించినా, నా ఎగ్జిక్యూటర్ అదే ఆశయముతో పనిచేయు మరొక రిజిస్టర్డ్ సంస్థను ఎంచి ఇవ్వవలెను. సదరు సంస్థ ఇచ్చు రసీదు నా ఎగ్జిక్యూటర్‌కు చాలును."

ఇంత అని రూపాయల్లో రాయకుండా నూటికి ఇంత అని రాయమంటున్నాను, ఎందుకంటే మీకు రేపు ఆస్పత్రి ఖర్చు పెద్దదే రావచ్చు. పది లక్షలు అని రాసి, చివరికి పన్నెండు లక్షలే మిగిలితే పిల్లలకు నష్టం. వంతు అయితే ఆస్తితో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. డిపాజిట్ నంబర్లు, ఫ్లాటు నంబర్లు ఈ వాక్యంలోకి రానివ్వకండి.

స్థలం ఇవ్వాలనుకునేవాళ్ళకు ఒక మాట. సంస్థలకు స్థలం తలనొప్పి. కౌలుదారు ఉన్న ఎకరం పొలాన్ని ఒక సంస్థ మర్యాదగా వద్దన్న సంగతి నాకు తెలుసు. ఎగ్జిక్యూటర్ అమ్మి ఆ డబ్బు ఇవ్వాలని రాయండి, అమ్మే అధికారం కూడా రాతలోనే ఇవ్వండి.

ఇక నామినీ. బ్యాంకులో మీ శ్రీమతి నామినీ అయితే బ్యాంకు ఆమె చేతికే డబ్బు ఇస్తుంది. నామినీ అంటే అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదని కోర్టులు ఎప్పటినుంచో చెప్తున్నాయి. ఆ డబ్బు చివరికి విల్లు ప్రకారమే పోవాలి. కానీ ఇన్సూరెన్స్ వేరు. 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే ఆ సొమ్ము వాళ్ళదే. దాన్ని మీ లెక్కలో కలుపుకోకండి.

ఎగ్జిక్యూటర్, సాక్షులు

ఎగ్జిక్యూటర్ మీకంటే కనీసం పదిహేనేళ్ళు చిన్నవాడై ఉండాలి, ఇండియాలో ఉండాలి, అవతలివాళ్ళు వాయిదాలు వేసినా విసుగు చెందకుండా తిరగగలిగే మనిషై ఉండాలి. అతను కాదంటే ఇంకొకరు అని రెండో పేరు కూడా రాయండి.

సాక్షులు ఇద్దరు తప్పనిసరి. ఇద్దరూ మీరు సంతకం పెట్టడం చూడాలి, మీ ఎదుట వాళ్ళూ పెట్టాలి. రేపు వివాదం వస్తే, విల్లు రిజిస్టర్ అయినా సరే, కనీసం ఒక సాక్షి వచ్చి కోర్టులో చెప్పాలి. అందుకే తోటి రిటైర్డ్ స్నేహితుల్ని కాకుండా వయసులో చిన్నవాళ్ళని పెట్టమంటాను. ఆస్తి అందుకునేవాళ్ళు గానీ, ఆ సంస్థలో పనిచేసేవాళ్ళు గానీ సాక్షి సంతకం పెట్టకపోవడమే క్షేమం.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. అయినా సంస్థకు రాసే ప్రతి విల్లునూ నేను రిజిస్టర్ చేయిస్తాను. "ముసలాయనకు మతి లేనప్పుడు ఎవరో రాయించుకున్నారు" అనే మాట ఇలాంటి విల్లుల మీద తొందరగా పుడుతుంది. అదే రోజు మీ డాక్టరు దగ్గర మీ మానసిక స్థితి బాగుందని సర్టిఫికెట్ తీసుకోండి.

రెండేళ్ళ కిందట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు 74 ఏళ్ళ టీచరమ్మతో వెళ్ళాను. ఆవిడ మనవడికి ఆటిజం, 19 ఏళ్ళు. ఇంట్లో చూసేవాళ్ళు లేక వాడినీ తీసుకొచ్చారు. వాడు బల్ల మీద ఉన్న ఇంకు ప్యాడ్ మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు. అధికారి "చదివే సంతకం పెడుతున్నారా అమ్మా?" అని అడిగితే, ఆవిడ తలూపి ఊరుకోకుండా పరిశోధనకు రాసిన పేరా మొత్తం గట్టిగా చదివారు, క్లాసులో పాఠం చదివినట్టు. ఆఫీసు కాసేపు నిశ్శబ్దంగా అయిపోయింది. వేలిముద్రలయ్యాక తన వేలి కంటే ముందు మనవడి వేళ్ళకు అంటిన ఇంకు కొంగుతో తుడిచారు. ఆ విల్లు మీద రేపు ఎవరు అనుమానం లేవనెత్తినా, ఆవిడ ఇష్టపూర్వకంగా, తెలివితో రాశారని చెప్పడానికి ఆ ఆఫీసులో పదిమంది ఉన్నారు.

పన్ను, అమెరికాలో ఉన్న అమ్మాయి

మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవాళ్ళ ఆస్తి మీద వేసే పన్ను, 1985లోనే పోయింది. వారసులు కట్టాల్సిన పన్నే లేనప్పుడు దానం వల్ల తగ్గేదీ ఉండదు. 80జి అని మనం పిలుచుకునే, విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు బతికుండగా ఇచ్చేవాళ్ళకు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. మీకు ఓపిక ఉంటే ఏటా కొంత ఇప్పుడే ఇస్తూ, విల్లులో మిగతాది రాయండి. ఇప్పుడు ఇస్తే ఆ సంస్థ ఎలా పనిచేస్తుందో మీ కళ్ళతో చూసే లాభం కూడా ఉంది.

విదేశాల్లో లెక్క వేరు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు నికర ఆస్తిలో పదో వంతు చారిటీకి రాస్తే మిగతా దాని మీద వారసత్వ పన్ను 40 నుంచి 36 శాతానికి తగ్గుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకు తేలికైన దారి, రిటైర్మెంట్ ఖాతాకు లబ్ధిదారుగా చారిటీ పేరు పెట్టడం. మీ అమ్మాయి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉండి, తన డబ్బు కూడా ఇక్కడి సంస్థకు ఇవ్వాలనుకుంటే, అది విదేశీ విరాళం కిందికొస్తుంది. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉంటే సొంత పొదుపు నుంచి ఇచ్చేదానికి ఆ అడ్డు లేదు.

పనిలో పనిగా ఒకటి. కొందరు మెదడు దానం కూడా విల్లులో రాస్తారు. నిమ్హాన్స్‌లో 1995 నుంచి బ్రెయిన్ బ్యాంక్ ఉంది, ఆ ఆలోచన గొప్పదే. కానీ విల్లు తెరిచేది కర్మకాండలు అయ్యాక, మెదడు తీసుకోవాల్సింది గంటల్లో. అలాంటి కోరికను ఇంట్లోవాళ్ళకు నోటితో చెప్పి, సంస్థ ఫారం విడిగా నింపి పెట్టుకోవాలి.

అన్యాయం అవుతుందా?

అబ్బాయికి సరిపడా పెట్టాక, అమ్మాయికి ముందే చెప్పి రాస్తే అన్యాయం కాదు. చెప్పకుండా రాస్తే మాత్రం, డబ్బు కోసం కాకపోయినా, "నాన్న నాకు ఎందుకు చెప్పలేదు" అన్న బాధతోనే విల్లుల మీద గొడవలు మొదలవుతాయి. నేను చూసిన దావాల్లో సగం అలాంటివే. అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు నెలఖర్చు కాగితం, ఆస్తుల లిస్టు ముందు పెట్టి మాట్లాడండి. తమ్ముడి బాధ్యత రేపు తనదే కాబట్టి, ఎంత వంతు అన్నది తనతో కలిసే నిర్ణయించండి.

ఆలోపు చేయాల్సినవి: లోకల్ లెవెల్ కమిటీ దరఖాస్తు, పెన్షన్ ఆఫీసులో అబ్బాయి పేరు, ఒకటి రెండు సంస్థలకు ఉత్తరాలు. వాళ్ళు రాతపూర్వకంగా "తీసుకుంటాం" అని ఇచ్చిన జవాబును విల్లుతో పాటే దాచండి. డ్రాఫ్టు తయారయ్యాక పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఎక్కడైనా సందు ఉంటే చెప్తాను.